సోడియం బెంజోయేట్ వాడే పద్ధతి: ముందు పులుపు, తర్వాత తూకం

రసాలు, సిరప్‌లు, సాస్‌ల సీసాల మీద ‘ఐఎన్ఎస్ 211’ అనో ‘ఈ 211’ అనో కనిపించేది సోడియం బెంజోయేట్. సరుకు పాడవకుండా నిల్వ ఉండడానికి కలిపే ప్రిజర్వేటివ్ ఇది. తెల్లటి పొడి, లేదా సన్నటి రవ్వ. దీన్ని వాడేవాళ్లు అందరికంటే ముందు అడిగేది ‘కిలోకి ఎంత వేయాలి?’ అని. అడగాల్సింది మాత్రం ‘నా సరుకు పీహెచ్ ఎంత?’ అని. పీహెచ్ అంటే పులుపును చూపే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలియనంత వరకు మొదటిదానికి ఎవరు చెప్పినా అది గాలిలో చెప్పిన జవాబే. అందుకే ఇక్కడ పులుపుతోనే మొదలుపెడుతున్నాం.

మొదట పీహెచ్ చూడండి

సోడియం బెంజోయేట్ తనంతట తాను పెద్దగా పనిచేయదు. పుల్లటి ద్రవంలో పడ్డప్పుడు అందులో కొంత భాగం బెంజోయిక్ యాసిడ్‌గా మారుతుంది. ఈస్ట్, బాక్టీరియా కణాల పొర దాటి లోపలికి పోగలిగేది ఆ యాసిడ్ రూపమే. కణం లోపల పులుపు తక్కువ కాబట్టి అక్కడికి చేరాక అది విడిపోయి ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లాన్ని బయటికి తోడుకోవడానికే కణం శక్తి అంతా ఖర్చయిపోతుంది. చక్కెరను కరిగించుకునే పని కూడా కుంటుపడుతుంది. కణం అక్కడికక్కడ చచ్చిపోవాలని లేదు, పెరగలేక ఆగిపోతుంది. ఈ ‘ఆగిపోతుంది’ అన్న మాట గుర్తుంచుకోండి, శుభ్రత గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని అవసరం వస్తుంది.

వేసినదాంట్లో ఎంత భాగం పనికొచ్చే యాసిడ్ రూపంలో ఉంటుందన్నది పీహెచ్ ఒక్కటే నిర్ణయిస్తుంది:

పీహెచ్ 3.0 దగ్గర సుమారు 94 శాతం
పీహెచ్ 3.5 దగ్గర సుమారు 83 శాతం
పీహెచ్ 4.0 దగ్గర సుమారు 61 శాతం
పీహెచ్ 4.5 దగ్గర సుమారు 33 శాతం
పీహెచ్ 5.0 దగ్గర సుమారు 14 శాతం
పీహెచ్ 6.0 దగ్గర 2 శాతం లోపే

కిలోకి 500 మిల్లీగ్రాములు వేశారనుకోండి. పీహెచ్ 3.5 ఉంటే అందులో 415 మిల్లీగ్రాములు పనిచేస్తాయి. అదే మోతాదు పీహెచ్ 4.5 ఉన్న సరుకులో వేస్తే పనిచేసేది 165 మిల్లీగ్రాములే. అక్కడ కూడా 415 రావాలంటే 1250 మిల్లీగ్రాములు వేయాలి. అది చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే హద్దు దాటిపోతుంది, నోటికీ తెలుస్తుంది. పొడి పెంచడం కన్నా పులుపు పెంచడమే సరైన దారి. పీహెచ్ 4.0 కన్నా దిగువకు తెచ్చుకోండి, 3.5 లోపు ఉంటే ఇంకా నిశ్చింత. సిట్రిక్ యాసిడ్ అందుకు చాలు.

ముదురు రంగు రసాల్లో పీహెచ్ కాగితాన్ని నమ్మొద్దు. రసం రంగు కాగితానికి అంటుకుని, మీరు చూసేది పులుపో రంగో తెలియకుండా పోతుంది. చిన్న పీహెచ్ మీటరు కొనుక్కోండి. వాడే రోజు పొద్దునే పీహెచ్ 4, పీహెచ్ 7 ద్రావణాలతో దాన్ని సరిచూసుకోండి. సరుకు గది వేడికి చల్లారాకే కొలవండి.

దీన్ని ఎక్కడ వాడకూడదు

పాలు, మాంసం, చేప, ఉడికించిన కూరగాయలు, నూనెలో వేసి ఉంచే వెల్లుల్లి లాంటివాటి పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ. గాలి తగలని సీసాలో ఇవి ఉంటే బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగొచ్చు. ఆ పీహెచ్‌లో బెంజోయేట్ దాన్ని ఆపలేదు. దాని బీజాలను చంపడం ఏ పీహెచ్‌లోనూ బెంజోయేట్ వల్ల కాదు. ‘ప్రిజర్వేటివ్ వేశాం కదా’ అన్న ధైర్యంతో ఇలాంటివి గది వేడిలో నిల్వపెట్టడం ఈ పొడి విషయంలో చేయగల అన్నింటికన్నా ప్రమాదకరమైన తప్పు.

ఇక కొన్నింటికి అసలు అవసరమే లేదు. చక్కెర 65 శాతం దాటిన జామ్‌ను ఆ చక్కెరే కాపాడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టేదానికి, వేడిగా నింపి సీలు చేసి తెరవగానే తినేసేదానికి కూడా అక్కర్లేదు. ఈస్ట్‌తో పొంగే పిండిలో వేస్తే ఆ ఈస్ట్‌నే అణచేస్తుంది, పైగా రొట్టె పీహెచ్‌లో బూజును ఆపదు. రొట్టెలకు ప్రొపియోనేట్ అనే వేరే ప్రిజర్వేటివ్ వాడేది అందుకే.

బెంజోయేటా, సార్బేటా, సల్ఫైటా?

ఈ మూడు ప్రిజర్వేటివ్‌లలో ఏది వాడాలన్నది పండును బట్టి, రంగును బట్టి ఉంటుంది.

నల్ల ద్రాక్ష, దానిమ్మ, నేరేడు లాంటి ఎరుపు, ఊదా రంగు రసాలకు బెంజోయేట్ సరైనది. పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే సల్ఫైట్ వేస్తే ఆ రంగు వెలిసిపోతుంది. నిమ్మ, నారింజ లాంటి లేత రంగు రసాలకు మాత్రం సల్ఫైట్ మేలు, అవి గోధుమ రంగుకు తిరగకుండా కూడా చూస్తుంది. అయితే ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్ పడదు, తాగితే ఊపిరాడని పరిస్థితి రావచ్చు. సీసా మీద దాని పేరు రాయకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

పీహెచ్ 4 దాటి ఇంకాస్త పైన ఉంటే, లేదా బూజే మీ ప్రధాన సమస్య అయితే పొటాషియం సార్బేట్ వైపు వెళ్లండి. సార్బిక్ యాసిడ్ సగం విడిపోయేది పీహెచ్ 4.76 దగ్గర, బెంజోయిక్ యాసిడ్ సగం విడిపోయేది 4.2 దగ్గర. అందువల్ల పులుపు తగ్గినా సార్బేట్ ఇంకొంత దూరం పనిచేస్తుంది. రుచిలో కూడా తక్కువగా తెలుస్తుంది.

విటమిన్ సి ఉంటే ఆగి ఆలోచించండి

బెంజోయేట్ గురించి భయపడాల్సిన అసలు విషయం ఇదే. చాలామంది పట్టించుకోనిది కూడా ఇదే. బెంజోయిక్ యాసిడ్, విటమిన్ సి ఒకే పుల్లటి ద్రవంలో కలిసి, దానికి కాస్త రాగి గానీ ఇనుము గానీ తోడైతే బెంజీన్ పుడుతుంది. బెంజీన్ మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థం. లోహపు అయాన్ల సాయంతో విటమిన్ సి, ఆక్సిజన్ కలిసి చాలా చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. అవి బెంజోయిక్ యాసిడ్ మీద పడి దాని కార్బన్ డయాక్సైడ్ ముక్కను ఊడగొడతాయి. మిగిలేది బెంజీన్. వేడి, వెలుతురు ఈ పనిని వేగం చేస్తాయి.

శీతల పానీయాల్లో ఈ సంగతి 1990 ప్రాంతంలోనే బయటపడింది. 2005 తర్వాత అమెరికా ఆహార, ఔషధ సంస్థ మళ్లీ పరీక్షలు చేసింది. ఎక్కువ పానీయాల్లో బెంజీన్ అసలు లేదు, లేదా తాగునీటికి ఆ దేశం పెట్టుకున్న 5 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 5 వంతులు) హద్దులోపే ఉంది. హద్దు దాటిన కొన్నింటి తయారీదారులు వాటి కూర్పు మార్చుకున్నారు. కొలతలు చిన్నవే. కానీ తప్పించుకోవడం చేతిలో ఉన్నప్పుడు తప్పించుకోవాలి:

బెంజోయేట్ వేసే సరుకులో విటమిన్ సి పొడి కలపకండి. రంగు నిలవడానికి అని కలిపే అలవాటు ఉంటే అది మానండి. నారింజ, ఉసిరి, జామ లాంటి సి ఎక్కువున్న పండ్లకు బెంజోయేట్ ఎంచుకోకండి. రాగి, ఇత్తడి, తుప్పు పట్టిన ఇనుప పాత్రలు దగ్గరికి రానివ్వకండి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గాజు వాడండి. సీసాలను ఎండ పడే కిటికీ దగ్గర, వేడెక్కే వాహనంలో వదిలేయకండి. చక్కెర ఈ చర్యను కొంత నెమ్మదింపజేస్తుంది. కాబట్టి చక్కెర లేని పానీయం చేసేటప్పుడు ఈ జాగ్రత్తలు రెట్టింపు పాటించండి.

లెక్క కట్టడం

నియమాల్లో ఉండే హద్దు సాధారణంగా ‘బెంజోయిక్ యాసిడ్ లెక్కన’ అని ఉంటుంది. మీరు తూచేది సోడియం బెంజోయేట్. ఈ రెండూ ఒకటి కాదు. 1 గ్రాము బెంజోయిక్ యాసిడ్ కావాలంటే 1.18 గ్రాముల సోడియం బెంజోయేట్ తూచాలి. అదే సార్బిక్ యాసిడ్ 1 గ్రాముకు పొటాషియం సార్బేట్ 1.34 గ్రాములు.

హద్దులు దేశాన్ని బట్టీ సరుకును బట్టీ మారతాయి. అమెరికాలో ఆహారంలో 0.1 శాతం వరకు సురక్షితమైనదిగా గుర్తించారు. ఐరోపా యూనియన్‌లో రుచి కలిపిన శీతల పానీయాలకు లీటరుకు 150 మిల్లీగ్రాములే. అమ్మడానికి చేస్తుంటే మీ దేశపు నియమాల్లో మీ సరుకు ఏ తరగతిలోకి వస్తుందో చూసుకుని, ఆ అంకెతోనే కింది లెక్క మొదలుపెట్టండి.

నీళ్లు కలుపుకుని తాగే 5 కిలోల ద్రాక్ష స్క్వాష్‌కు కిలోకి 500 మిల్లీగ్రాముల బెంజోయిక్ యాసిడ్ కావాలనుకుందాం. 5 × 500 అంటే 2500 మిల్లీగ్రాములు, అనగా 2.5 గ్రాములు. 2.5 × 1.18 అంటే 2.95 గ్రాముల సోడియం బెంజోయేట్. ఒక వంతు స్క్వాష్‌కు మూడు వంతుల నీళ్లు కలిపితే గ్లాసులో ఉండేది కిలోకి 125 మిల్లీగ్రాములు.

వంటింటి తూకాలు చాలావరకు ఒక గ్రాము కన్నా సన్నగా చూపవు. 2.95 గ్రాములు తూచబోతే అది 2.5 అయినా 3.4 అయినా తూకం ‘3’ అనే అంటుంది. చెంచా కొలత అసలు వద్దు. పొడికీ రవ్వకూ బరువు తేడా, చెంచా నిండినదానికీ తలగొట్టినదానికీ తేడా. దీనికి తేలికైన దారి ద్రావణం చేసుకోవడం. 10 గ్రాముల పొడిని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, మొత్తం సరిగ్గా 100 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్లు పోయండి. ఇప్పుడు ఒక మిల్లీలీటరులో 0.1 గ్రాము పొడి ఉంటుంది. పై లెక్కకు 29.5 మిల్లీలీటర్లు కావాలి, సూది లేని సిరంజితో తేలిగ్గా కొలవచ్చు. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 60 గ్రాములకు పైగా కరిగే పొడి ఇది, కాబట్టి 10 గ్రాములు కరగలేదంటే ఆ పొడి మీద అనుమానపడండి.

ఈ ద్రావణాన్ని మాత్రం ఆ రోజే వాడేసి మిగిలింది పారబోయండి. దానిలో పులుపు లేదు, పీహెచ్ 8 ప్రాంతంలో ఉంటుంది. ఇతర సరుకులను కాపాడే ఈ పొడి తన ద్రావణాన్ని తాను కాపాడుకోలేదు.

కలపడంలో వరస

5 కిలోల స్క్వాష్‌కు కొలతలు: వడకట్టిన ద్రాక్ష రసం 1.75 కిలోలు, చక్కెర 2.25 కిలోలు, నీళ్లు 950 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 50 గ్రాములు, బెంజోయేట్ 2.95 గ్రాములు. ద్రావణంలో పోయే 30 గ్రాముల నీళ్లు ఆ 950లోంచే తీసుకోండి.

1. సీసాలు, మూతలు కడిగి, సీసాలను మరుగుతున్న నీళ్లలో కనీసం 10 నిమిషాలు ఉంచి, బోర్లించి ఆరనివ్వండి. మూత లోపల తడి మిగలకూడదు. బూజు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

2. రసాన్ని 80–85 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి చల్లార్చండి. బెంజోయేట్ పెరుగుదలను ఆపుతుందే గానీ అప్పటికే ఉన్న లక్షలాది ఈస్ట్ కణాలను తుడిచిపెట్టదు. చిట్లిన, పులియడం మొదలైన పండ్లతో చేసిన రసాన్ని ఏ ప్రిజర్వేటివూ మంచి రసంగా మార్చదు.

3. నీళ్లు, చక్కెర కలిపి మరిగించి వడకట్టి, పొయ్యి మీంచి దించేయండి. గోరువెచ్చగా అయ్యే వరకు ఆగండి. బెంజోయిక్ యాసిడ్ ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం ఉన్నది, పుల్లటి ద్రవంలో వేసి మరిగిస్తే కొంత పోతుంది.

4. ఇంకా పులుపు కలపని ఈ పాకంలో బెంజోయేట్ ద్రావణాన్ని సన్నటి ధారగా పోస్తూ, అడుగునుంచి పైదాకా రెండు మూడు నిమిషాలు కలపండి.

5. రసం పోసి కలపండి. చివరగా సిట్రిక్ యాసిడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి పోయండి. ఈ నీళ్లు కూడా ఆ 950లోంచే.

ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో చెప్పాలి. సోడియం బెంజోయేట్ నీళ్లలో బాగా కరుగుతుంది గానీ బెంజోయిక్ యాసిడ్ గది వేడిలో లీటరుకు 3.4 గ్రాములకు మించి కరగదు. బాగా పుల్లగా ఉన్న రసంలో చిక్కటి బెంజోయేట్ ద్రావణం ఒక్కసారిగా పడితే, పడ్డ చోటే అది యాసిడ్‌గా మారి తెల్లటి సూదుల్లాంటి పలుకులు కడుతుంది. అవి తేలి ఒక సీసాలో ఎక్కువ, మరో సీసాలో తక్కువ చేరతాయి. ఒకటి నోరు మండిస్తుంది, ఇంకోటి వారానికే పులుస్తుంది. పొడిని పొడిగానే రసం మీద చల్లడం కూడా ఇదే తప్పు.

6. అన్నీ కలిపాక పీహెచ్ మళ్లీ చూడండి. బెంజోయేట్ కొంత ఆమ్లాన్ని తనే వాడుకుంటుంది కాబట్టి ముందు చూసిన అంకె కన్నా కాస్త పెరిగి ఉండొచ్చు. 3.5 దాటితే మరికొంత సిట్రిక్ యాసిడ్ వేయండి.

7. పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి సీసాలు నింపి, మూత బిగించి, తేదీ, ఏం వేశారో, ఎంత వేశారో రాసి అతికించండి. చల్లటి చీకటి చోట పెట్టండి. తెరిచాక ఫ్రిజ్‌లోనే.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

మూత ఉబ్బడం, తెరిస్తే బుస్సుమనడం అంటే ఈస్ట్ పెరుగుతోంది. తూకం తగ్గిందా, పీహెచ్ ఎక్కువుందా, పండ్లు చెడ్డవా అని ఈ వరసలోనే చూడండి. మూడూ సరిగ్గా ఉన్నా మళ్లీ మళ్లీ అవుతుంటే జైగోశాకరోమైసిస్ బైలియై అనే ఈస్ట్‌ను అనుమానించండి. చట్టం ఒప్పుకునే మోతాదులో బెంజోయేట్ ఉన్నా, చక్కెర ఎక్కువున్నా అది బతికి పెరుగుతుంది. దానికి మందు పొడి పెంచడం కాదు. పాత్రలు, గొట్టాలు, గరాటు సందులు వేడి నీళ్లతో కడగడం, రసాన్ని సరిగ్గా వేడిచేయడం. పులిసిన సీసాలో ఇంకాస్త పొడి వేసి ‘కాపాడాలని’ చూడొద్దు, పారబోయండి. గాజు సీసా గట్టిగా ఉబ్బితే పగలొచ్చు, గుడ్డ కప్పి తెరవండి.

పైన బూజు కడితే పైపైన తీసేసి వాడకండి. కొన్ని బూజులు ప్రిజర్వేటివ్‌ను తినేస్తాయి, చుట్టూ ఉన్న పులుపును కూడా తగ్గిస్తాయి. సార్బేట్ వేసినదానికి కిరోసిన్ వాసన వస్తే బూజు సార్బిక్ యాసిడ్‌ను విరగ్గొట్టిందని అర్థం.

గొంతులో మిరియం లాంటి చురుకు తగిలితే బెంజోయేట్ ఎక్కువైంది. 0.1 శాతం దగ్గరికి వచ్చేసరికి చాలామంది నాలుకకు అది తెలుస్తుంది.

తినేవాళ్లకు ఎంతవరకు ఫర్వాలేదు

శరీరంలోకి వెళ్లిన బెంజోయిక్ యాసిడ్‌ను కాలేయం గ్లైసిన్ అనే అమైనో యాసిడ్‌తో జతచేసి హిప్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది మూత్రంలో పోతుంది, ఎక్కువ భాగం ఒక రోజులోపే. ఒంట్లో పేరుకోదు. క్రాన్‌బెర్రీ, దాల్చినచెక్క లాంటివాటిలో బెంజోయిక్ యాసిడ్ సహజంగానే ఉంటుంది. రక్తంలో అమ్మోనియా పెరిగే కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బులకు సోడియం బెంజోయేట్‌నే మందుగా, ఆసుపత్రిలో చాలా పెద్ద మోతాదుల్లో ఇస్తారు.

రోజూ జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదనే హద్దును ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో శరీర బరువు కిలోకి 5 మిల్లీగ్రాములుగా ఉంచింది. అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా 2021లో దాన్ని 20 మిల్లీగ్రాములకు పెంచింది. పిల్లల విషయంలో మీరు 5 అనే పట్టుకోండి. 60 కిలోల మనిషికి అది రోజుకు 300 మిల్లీగ్రాములు, 20 కిలోల పిల్లవాడికి 100. లీటరుకు 150 మిల్లీగ్రాములున్న పానీయం 330 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 50 మిల్లీగ్రాములుంటాయి. ఆ పిల్లవాడికి రెండు డబ్బాలతోనే హద్దు నిండిపోతుంది, సాస్, సిరప్ ఇంకా లెక్కలోకి రాకుండానే. పెద్దవాళ్ల దగ్గర సమస్య కానిది పిల్లల దగ్గర ఎందుకవుతుందో ఈ లెక్కలో ఉంది.

2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని కృత్రిమ రంగులతో పాటు సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు పిల్లలకిచ్చి చూస్తే కొందరిలో అతిచురుకుదనం పెరిగింది. రంగులు, బెంజోయేట్ కలిపే ఇచ్చారు కాబట్టి దేని వల్లనో ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. ఆ తర్వాత ఐరోపాలో ఆరు రంగులకు హెచ్చరిక తప్పనిసరి చేశారు, బెంజోయేట్‌కు చేయలేదు. పిల్లల కోసం చేసే సిరప్‌లో ఆ రంగులు మానేస్తే ఈ సందేహమే ఉండదు.

నెలల పిల్లలకు, ముఖ్యంగా నెలలు నిండక పుట్టినవాళ్లకు బెంజోయేట్ వేసినది ఏదీ ఇవ్వొద్దు, దాన్ని మార్చి బయటికి పంపే శక్తి వాళ్ల కాలేయానికి ఇంకా రాలేదు. దద్దుర్లు తరచూ వచ్చేవాళ్లలో, ఆస్పిరిన్ పడని ఉబ్బసం వాళ్లలో కొందరికి ఇది వాటిని రేపుతుంది. పిల్లిని పెంచుతుంటే దానికీ పెట్టకండి. దాని శరీరం బెంజోయిక్ యాసిడ్‌ను చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది, మనకు ఫర్వాలేని మోతాదు దాన్ని చంపగలదు.

పొడి కొనడం, దాచడం

డబ్బా మీద ‘ఆహారానికి తగినది’ అని, స్వచ్ఛత 99 శాతానికి తగ్గదని, తయారీ సంఖ్య, తేదీ ఉన్నదే కొనండి. తుప్పును ఆపడానికి పరిశ్రమల్లో వాడే రకం కూడా ఇదే పేరుతో దొరుకుతుంది, ఆహారంలో అది వద్దు. విడిగా పొట్లం కట్టి ఇచ్చేది అసలు తీసుకోకండి. ఇది చెమ్మ పీల్చుకుని గడ్డకడుతుంది, గడ్డకట్టిన పొడి బరువులో నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి తూకం తప్పుతుంది. గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. తూచేటప్పుడు ధూళి కళ్లలో, ముక్కులో పడితే మండుతుంది, ఫ్యాను ఆపండి.

దీన్ని ఉప్పు, చక్కెర, సిట్రిక్ యాసిడ్ ఉండే అరలో ఎప్పుడూ పెట్టకండి. చూపుకు అన్నీ ఒకటే. డబ్బా మూత మీద కాకుండా డబ్బా ఒంటి మీదే పేరు రాయండి, ఎందుకంటే మూతలు మారిపోతాయి.